మధ్యలో అందుకున్న మాట

బ్రేకు మాస్టారి నోట్లో నువ్వుగింజ నానదని ఆ వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కూతురు తొమ్మిదో తరగతి పుస్తకాలింకా కొననే లేదు, అది పశువుల డాక్టరు కాబోతోందని పాలవాడి దగ్గర్నుంచి పక్కింటి వియ్యంకుల దాకా చెప్పేశాడు.

ఆయన డ్రైవింగ్ స్కూల్లో పనిచేస్తాడు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుంటాడు. ఆయన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఎదుటివాడు తప్పు చేయబోతున్నాడని వాడికన్నా ముందే పసిగట్టి తొక్కేయడమే ఉద్యోగం. అందులో ఆయన్ని కొట్టినవాడు లేడు. వచ్చిన చిక్కల్లా ఆ అలవాటు ఇంటిదాకా రావడమే.

కూతురు అమ్మలుకి నత్తి. మాట మొదట్లోనే చిక్కుకుపోతుంది, మెడ నరాలు పొంగుతాయి, కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. తండ్రి ప్రాణం అది చూసి ఓర్చుకోలేదు. మిగతా మాట తనే అందుకుంటాడు. "మంచినీళ్ళా తల్లీ? పుస్తకమా? తలనొప్పా?" అమ్మలు తల ఊపుతుంది. పని జరిగిపోతుంది. ఇదంతా ప్రేమే, కాదనడానికి లేదు.

ఆ రోజు అమ్మలు వెంట మాస్టారు బడికి బయల్దేరుతుంటే భార్య గుమ్మంలో నిలబడి హెచ్చరించింది. "నువ్వెళ్తే నువ్వే మాట్లాడేసి వస్తావు. ఇవాళొక్కరోజు నోరు కట్టేసుకో. దాని బతుకు సంగతి."

"నాకామాత్రం తెలీదా?" అన్నాడు మాస్టారు.

బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకి కాలేజీ సంగతులు చెప్పడానికి ఒకావిడ ఉంది. అందరూ సలహా మేడం అంటారు. కాలేజీకింకా బోలెడు కాలముంది కదా అన్నవాళ్ళకి ఆవిడ జవాబు ఒకటే: "కాలేజీ దూరమేనండి. దారి మాత్రం ఇక్కడే చీలుతుంది." పై తరగతిలో పెద్ద లెక్కలని ఒక పాఠం ఉంది; అదో, జీవశాస్త్రమో, ఏదో ఒకటే తీసుకోవాలి. పెద్ద లెక్కలు వదిలేస్తే మళ్ళీ చేర్చుకోరు. తేల్చుకోవడానికి అదే ఆఖరి రోజు.

ఆవిడ గదిలో ఇంకో పద్ధతుంది. వెంట వచ్చిన పెద్దవాళ్ళు వెనక కుర్చీలో కూర్చుని ఒక గుక్క నీళ్ళు నోట్లో పెట్టుకోవాలి. పిల్లలు చెప్పడం పూర్తయ్యేదాకా మింగకూడదు.

"ఇదేం చోద్యమండీ?" అన్నాడు మాస్టారు.

"మాట్లాడనని అందరూ ఒట్టేస్తారండి. ఒట్టేసినవాళ్ళు ఒక్కరూ ఊరుకోలేదు. నీళ్ళయితే కాస్త నయం," అంటూ మేడం కాగితం కప్పు చేతికిచ్చింది. మాస్టారు బుగ్గలు పొంగించుకుని కూర్చున్నాడు. అమ్మలు వెనక్కి చూసి నవ్వబోయి ఆపుకుంది.

"చెప్పమ్మా. పెద్దయ్యాక ఏం చేయాలనుంది?"

"నా... నా... నా..."

గదిలో గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. తలుపు బయట వరసలో ఉన్నవాళ్ళెవరో దగ్గారు. అమ్మలు కళ్ళు మూసుకుంది. మెడ ఎర్రబడింది. మాస్టారి కుడికాలు దానంతటదే నేలని తొక్కింది. ఇంకొక్క క్షణం ఓర్చుకున్నాడు. అంతే, గుటుక్కున మింగేశాడు.

"పశువుల డాక్టరండి! చిన్నప్పట్నుంచీ అదే!"

అమ్మలు కళ్ళు తెరిచి తల ఊపింది.

మేడం కలం కింద పెట్టేసింది. "అయితే పెద్ద లెక్కలు వదిలేస్తున్నావన్నమాట. ఇక వెనక్కి రావడం ఉండదు. సరేనా?"

అమ్మలు మళ్ళీ తల ఊపబోయి ఆగింది. అది ఆగడం మాస్టారు చూశాడు. అలా ఆగడం ఆయన ఎన్నడూ చూడలేదు.

"తల ఊపితే నేను రాసుకోనమ్మా. నోటితో చెప్పాలి. సాయంత్రమైనా సరే, కూర్చుంటాను." మేడం లేచి కప్పు మళ్ళీ నింపి మాస్టారికిచ్చింది. ఈసారి ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

నీళ్ళు నోట్లో పోసుకున్నాక మాస్టారికి నిజంగా భయం పట్టుకుంది. పశువుల వైద్యం ఎవరి ఆలోచన? అమ్మలు ఎప్పుడైనా తన నోటితో అందా? ఎంత తవ్వుకున్నా తను అనడమే గుర్తొస్తోంది, అది తల ఊపడమే గుర్తొస్తోంది. ఎందుకన్నాడో కూడా తెలుసు. పశువులు ఎదురు ప్రశ్నలు వేయవు, వెక్కిరించవు. తన పిల్ల నోరు తెరవకుండా బతికే దారేదో వెతికి దానికి పెద్ద పేరు పెట్టాడు.

"నా... నాకు..." అమ్మలు బల్ల అంచు పట్టుకుంది. తలుపు సందులోంచి ఒక తల్లి తొంగిచూసి "ఇంకా అవలేదా?" అంది. మేడం చేత్తోనే వెళ్ళమంది. "నాకు ల... ల... లెక్కలు..." అయిపోయిందనుకున్నాడు మాస్టారు. అవలేదు. "చె... చెప్పాలని ఉంది. పి... పిల్లలకి."

మేడం వెంటనే మెచ్చుకోలేదు. "లెక్కల టీచరంటే రోజంతా మాట్లాడాలి. క్లాసునిండా పిల్లలుంటారు. నవ్వుతారు. ఆలోచించుకున్నావా?"

సరిగ్గా మాస్టారి భయమే అది. ఆయన కాలు మళ్ళీ నేలని తొక్కింది. నీళ్ళు గొంతుదాకా జారాయి, కష్టపడి ఆపాడు.

"న... నవ్వుతారు. ఇప్పుడూ న... నవ్వుతారు," అంది అమ్మలు. "కానీ న... నవ్వేవాళ్ళు చివరిదాకా వింటారు మేడం. ఏం చె... చెప్తానో అని. మా నాన్నే..."

అక్కడ చిక్కుకుంది.

ఆ మాట ఎలా ముగుస్తుందో గదిలో ముగ్గురికీ తెలుసు. అందరికన్నా బాగా మాస్టారికి తెలుసు. ఎవరైనా వచ్చి అడ్డుపడితే బాగుండునని, తలుపు తెరుచుకుంటే బాగుండునని మనసులో దండం పెట్టుకున్నాడు. ఎవరూ రాలేదు. ఆ మాట కోసం ఆయనే కాచుకు కూర్చోవాల్సి వచ్చింది.

"మా నాన్నే వి... వి... వినడు."

మేడం కాగితం మీద పెద్ద లెక్కలని రాసింది. "ఇక మింగొచ్చండి. మీరేమైనా చెప్తారా?"

ఆ గుక్క మింగడం అంత కష్టమని ఆయన అనుకోలేదు. "అమ్మాయి చెప్పింది కదండీ," అన్నాడు.

బడి దాటి ఇద్దరూ ఇంటిదారి పట్టారు. మాస్టారికి క్షమించమని అడగాలనుంది. అడిగితే అది అయ్యో అని తననే ఓదారుస్తుంది. ఆ సుఖం కూడా తనకెందుకని ఊరుకున్నాడు. వీధి మలుపులో కార్ల షెడ్డు దగ్గరికి రాగానే అమ్మలు ఆగింది.

"నా... నాన్నా, నా... నాకు..."

ఆకలేమో, కోపమేమో, కాళ్ళు నొప్పులేమో. నాలుక చివర మూడు మాటలు సిద్ధంగా ఉన్నాయి. మాస్టారు పెదవి కొరుక్కుని నిలబడ్డాడు. వెనకనుంచి ఎవరో హారన్ కొడితే ఇద్దరూ పక్కకి జరిగారు. అయినా ఆయన మాట్లాడలేదు.

"నాకు కు... కుక్కలంటే భయం."

షెడ్డు ముందు ముసలి కుక్క ఒకటి ఎప్పటిలాగే పడుకుని ఉంది. ఈ మలుపు రాగానే అమ్మలు రోజూ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకునేది. పదమూడేళ్ళొచ్చినా పిల్లకి నాన్నంటే ఎంత ప్రేమో చూశారా అని, మాస్టారు ఇన్నాళ్ళూ మురిసిపోయాడు.