ఈసారి సింపుల్‌గా

"ఈసారి క్రిస్మస్ పండగ సింపుల్‌గా చేసుకుందాం గ్లోరీ," అన్నాడు మార్టిన్, తిన్న కంచంలోనే చెయ్యి కడుక్కుంటూ.

శనివారం ఒంటిపూట బడి. ఆగిరిపల్లిలో తాను పాఠాలు చెప్పే ప్రైవేటు స్కూలు నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా గ్లోరీ అందరికీ వడ్డించింది. సింపుల్ అన్న మాట మొదట ఆమె చెవికి హాయిగానే తగిలింది. మామిడితోటలు పూతకొచ్చే రోజులు. నూజివీడులో మార్టిన్ పనిచేసే పురుగుమందుల కొట్టు కిటకిటలాడుతున్నా అతని జీతం పెరిగింది లేదు. ఆడంబరాలకి పోకపోతేనే మంచిదని ఆమే చెప్పాలనుకుంది.

కానీ అతను ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. బేకరీ కేకెందుకు, కుక్కర్లో నువ్వు బాగానే చేస్తావుగా. పిల్లలిద్దరికీ రెడీమేడ్ వద్దు, గుడ్డ తెస్తాను, మిషనుందిగా. స్టారు కూడా వెదురుబద్దలతో ఇంట్లోనే కట్టేద్దాం. "మా ఓనరు కృష్ణకాంత్ గారి వాళ్లని పండగ మధ్యాహ్నం భోజనానికి పిలిచాను. బయట బిర్యానీ అయితే బోలెడవుద్ది. ఇంట్లోనే చేసేద్దాం."

"గులాబీ పువ్వులు, అరిసెలు కూడా వేసెయ్యి," అంది అత్తగారు జోజమ్మ. "ఇంట్లో చేసుకుంటే ఖర్చేముందే, చేతులేగా!"

గ్లోరీ కంచాలు తీసుకుని పెరట్లోకి వెళ్లింది. తోముతున్న గిన్నెనే మళ్లీ తోముతోంది. చేద్దాం, కట్టేద్దాం అంటున్న ఆ 'మనం'లో తాను తప్ప ఇంకెవరున్నారు? మిగిలిందనుకుంటున్న డబ్బంతా తన నడుములోంచి, తన నిద్రలోంచి తీసిందే కదా? నిరుడు పండగ ముందురోజు సాయంత్రం చర్చిలో పిల్లల కార్యక్రమం జరుగుతుంటే తాను ఇంట్లో అరిసెలు వత్తుతోంది. ఆరేళ్ల కూతురు షీబా దేవదూత బట్టల్లో నిలబడి బైబిలు వాక్యం చెబుతూ మధ్యలో మరిచిపోయిందట. ఆ సంగతి మార్టిన్ తీసిన వీడియోలో చూసింది. అందులో బిడ్డ కళ్లు బెంచీలన్నీ వెతికాయి. ఎవరికోసం వెతికాయో వీడియో చూసి నవ్విన వాళ్లెవరికీ తట్టలేదు. ఆమె మాత్రం ఆ చూపుని ఏడాదిగా మరిచిపోలేదు.

చెయ్యి తుడుచుకుని లోపలికొచ్చింది. మార్టిన్ మంచం మీద వాలి ఉన్నాడు. ఆమె కృష్ణకాంత్ భార్య ప్రవల్లికకి ఫోన్ చేసింది.

"నేను గ్లోరీనండి. పండగరోజు భోజనాలు పెట్టుకోవట్లేదండి. సాయంత్రం పిల్లల్ని తీసుకుని టీకి రండి, కేకు తిందాం. ఏమీ అనుకోకండి."

"అయ్యో, అనుకోడానికేముందండీ! మీ పండగనాడు మీచేత వండించుకుని తినడమేంటని మావారితో నేనూ అన్నాను. వింటేనా!"

మార్టిన్ దిగ్గున లేచి కూర్చున్నాడు. "నన్నొక్క మాట అడగక్కర్లేదా?"

"మీరు పిలిచేటప్పుడు నన్నడిగారా?" అంది గ్లోరీ. "కేకు బేకరీలో చిన్నది తెండి. పిల్లలకి ఈస్టరుకి కుట్టిన బట్టలు ఇంకా పడుతున్నాయి, అవే వేస్తాను. అరిసెలు లేవు. కార్యక్రమం మొదలవకముందే వెళ్లి ముందు బెంచీలో కూర్చుంటాను."

"పండగపూట ఇంటిల్లిపాదీ పస్తులుండాలా ఏంటే?" అంది జోజమ్మ.

"పస్తులెందుకు అత్తయ్యా? కోడికూర నేను చేస్తాను. అన్నం మీ అబ్బాయి వండుతారు."

"నాకు వంటొచ్చా ఏంటి?" అని నవ్వబోయాడు మార్టిన్. గ్లోరీ నవ్వలేదు. అతని మంచం పక్కనుంచి కదల్లేదు.

"పండగకింకా పది రోజులుంది. లేవండి, రాత్రికి బియ్యం కడుగుదురుగాని."