తోటకి పోసిన ఊపిరి

తెల్లవారగానే బూరయ్య మొహం కడుక్కుని, ఓ గుక్క కాఫీ తాగి, తోటలోకి వెళ్లి మొక్కలకి ఊపిరి ఊదడం మొదలుపెట్టేవాడు. కొమ్మ కొమ్మ దగ్గరా మోకాళ్ల మీద కూర్చోవాలి, ఆకు తిరగేయాలి, కిందివైపు మెల్లగా ఊదాలి. పైన ఎంత ఊదినా దండగే, కాఫీ ఆకుకి నోళ్లన్నీ కిందే ఉంటాయి. ఆకు 'సుయ్'మని ఊపిరి లాక్కుని, ఇంకాస్త పెట్టమన్నట్టు అతని మొహం మీదికి వంగేది.

వానలు మొహం చాటేసినప్పటి నుంచీ ఆ కొండ మీది తోటలన్నీ ఎండిపోయాయి. ఇదొక్కటే పచ్చగా ఉంది. దారిన పోయేవాళ్లు ఆగి చూసి, "అల్లుడి ఊపిరి మంచిది" అనుకుని వాళ్ల పని మీద వాళ్లు వెళ్లిపోయేవాళ్లు.

బూరయ్య అన్నది అతని అసలు పేరు కాదు లెండి. పెళ్లికి ముందు బ్యాండులో బూర వాయించేవాడు. ఓసారి ఒక్క ఊపిరితో సగం పాట లాగేస్తుంటే జనమంతా ఈలలు వేశారు, కాబోయే మావగారు మాత్రం కళ్లు మూసుకుని ఆ ఊపిరి పొడుగు చూసుకున్నాడు. ఆయన అవసరం ఆయనది. అంతకుముందు ఏళ్ల తరబడి తోటకి ఆయనే ఊదాడు. ఉన్నట్టుండి ఒకరోజు ఆకులు ఆయనకి నోరు తెరవడం మానేశాయి. పాత ఊపిరి వద్దంటే వద్దు, మొక్కల్ని బతిమాలితే వింటాయా? అందుకని ఊపిరి చూసి అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకున్నాడు.

"ఈ ఒక్క ఎండాకాలం గట్టెక్కించు అల్లుడూ. వానలు పడ్డాక నీ బూర నీది, నీ దారి నీది" అన్నాడు.

ఇల్లరికపు అల్లుడు ఏమంటాడు? తలూపాడు. వానలు పడితే కదా!

ఆపైన మావగారికి ఇంకో దిగులు పట్టుకుంది, అల్లుడి ఊపిరి గాలికి పోతోందని. తోట చుట్టూ గుంజలు పాతించి పైనా పక్కలా ప్లాస్టిక్ పట్టా కప్పించేశాడు. లోపల మొక్కలు, వాటి మధ్య అల్లుడు. తలుపు దగ్గర పట్టాకి బయటి నుంచి తాడు కట్టాడు.

"తాడెందుకు మావయ్యా?"

"గాలికి లేచిపోతుందయ్యా, అందుకు."

ఇక పొద్దస్తమానం లోపలే. ఒకటే ఉక్క. విడిచిన ఊపిరే మళ్లీ పీలుస్తూ, తల దిమ్మెక్కి, సాయంత్రానికి పీనుగులా ఇల్లు చేరేవాడు. ఒకరోజు ఉండబట్టలేక బూర తీసి పెదాలకి ఆనించాడు. తుస్సుమంది. గోడవైపు తిరిగి ఏడ్చాడు, పాపం.

భార్య గింజలు ఏరే పాకలో పని చూసుకునేది. ఊపిరి బయటికి పోతుందని తండ్రి ఆమెని పట్టా ఎత్తనిచ్చేవాడు కాదు. మధ్యాహ్నం అన్నం డబ్బాని పట్టా అంచు కిందనుంచి లోపలికి తోసి, బయటే కూర్చుని కబుర్లు చెప్పేది.

"పగటిపూట నీ మొహం చూసి ఎన్నాళ్లయిందే" అన్నాడొకసారి, ప్లాస్టిక్ మీది చెమ్మ తుడుస్తూ.

"ఏముంది చూడ్డానికి, ఏరిన గింజల దుమ్మేగా" అని నవ్వింది. నవ్వు తొందరగానే ఆగిపోయింది.

ఆ వారమే బ్యాండులో డ్రమ్ములు కొట్టే స్నేహితుడు వెతుక్కుంటూ వచ్చి పట్టా బయట నిలబడి అరిచాడు. "ఒరేయ్! రేవు పట్నంలో పెద్ద హోటలు, జీతాలకి తీసుకున్నారు మమ్మల్ని. నీ కుర్చీ అట్టిపెట్టాం. రేపు పొద్దున వ్యాను ఇటే వస్తుంది. ఎక్కావా సరేసరి, లేదంటే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు, నేనేం చెయ్యలేను."

భార్య తండ్రి దగ్గరికి వెళ్లింది. "నాన్నా, ఆయన్ని పంపించెయ్యి. చచ్చిపోయేలా ఉన్నాడు."

"పంపిస్తే తోట చస్తుంది. మీ అమ్మ చేత్తో నాటిన మొక్కలే అవి."

ఆమె పాకకి తిరిగి వెళ్లి గింజలు ఏరుతూ కూర్చుంది.

మర్నాడు బూరయ్య మొదటి ఆకు తిరగేసి ఊదాడు. చప్పుడు లేదు. రెండోదానికి ఊదాడు. ఊహూఁ. పట్టా కింద ఊపిరి చిక్కబడేకొద్దీ ఆకులు నోళ్లు చిన్నవి చేసుకుంటూ వచ్చాయి. నోరు మూసుకుంటే ఒంట్లో ఉన్న కాసిని నీళ్లూ ఆవిరైపోవు కదా. ఇప్పుడు అతనికి పూర్తిగా మూసేశాయి.

పిలిస్తే మావగారు తాడు విప్పుకుని వచ్చాడు. ఆకు ఆకూ తిరగేసి చెవి ఆనించి విన్నాడు. మొహం వాడిపోయింది.

"నీ ఊపిరీ పాతబడిపోయింది అల్లుడూ. వెళ్లు. ఇక్కడుండి మాత్రం ఏం చేస్తావు?" అని అటు తిరిగి, సాళ్ల మధ్య చతికిలబడ్డాడు.

ఎగిరి గంతెయ్యాలనిపించింది బూరయ్యకి. ముసలాయన వీపు చూస్తే సిగ్గేసింది.

బయట వ్యాను హారన్ మోగింది. భార్య సంచీ, బూరా పట్టుకుని పట్టా తోసుకుని లోపలికి పరిగెత్తుకొచ్చింది. "ఏవండీ, వ్యా..."

ఆమె భుజం పక్కనున్న కొమ్మ సుయ్‌మంది. ఆకులన్నీ ఒక్కసారి ఆమె నోటివైపు వంగాయి.

ఇద్దరూ చూశారు. ఆమె చటుక్కున నోరూ ముక్కూ మూసుకుని ఊపిరి బిగబట్టింది.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు తండ్రి, తల తిప్పకుండానే.

"నేనే మావయ్యా, నిట్టూర్చాను."

భార్య చెయ్యి పట్టుకుని తలుపువైపు నడిచాడు. అడుగుల చప్పుడు రెండు జతలదని ముసలాయనకి తెలిసింది.

"నువ్వూ వెళ్తున్నావా అమ్మాయ్?"

ఆమె ఆగింది. కళ్లనిండా నీళ్లు. ఒక్క మాట అంటే చాలు, ఆకులు చుట్టూ మెడలు సాచి కాచుకుని ఉన్నాయి. ఆ తాడు మళ్లీ బయటి నుంచి పడుతుంది.

"ఒక్క మాటైనా చెప్పి వెళ్లవేమే?"

తండ్రి భుజం మీద చెయ్యి వేసి, గట్టిగా నొక్కి, వదిలేసి బయటికి నడిచింది. దారికి అటూ ఇటూ కూడా, పట్టా చాలక బయట మిగిలిన కాఫీ మొక్కలే. వ్యాను ఎక్కినా ఊపిరి వదల్లేదు. మొహం కందగడ్డ అయిపోయింది. భర్త వీపు రాస్తూ, "ఇంకాస్త, ఇంకాస్త" అంటూనే ఉన్నాడు.

తోట కంచె దాటి, వ్యాను మలుపు తిరిగాక, ఆమె ఒక్కసారిగా ఊపిరి వదిలింది. దాంతోపాటే మాటా బయటికొచ్చింది.

"వెళ్లొస్తా నాన్నా."