ఫ్యూజు పెట్టెలో తొంభై వాట్లు

ఆ ఇంట్లో ఇప్పటిదాకా కరెంటు కొట్టి ఎవరూ పోలేదు. సుబ్బరత్నమ్మ మాత్రం మనసులో రోజుకు ఇద్దరిని పంపించేది. మొగుడు ఫ్యాను స్విచ్ వేస్తే ఒకసారి, కూతురు ఫోను చార్జింగుకు పెడితే ఇంకోసారి. గ్యాసంటే అంతకన్నా భయం. పేలుతుందని సిలిండరును రెండేళ్లుగా వంటింటి మూలన గోనెపట్టా కప్పి కూర్చోబెట్టి, ఇండక్షన్ పొయ్యి మీదే వండేది.

మొగుడు ఆదినారాయణ జమ్మలమడుగులో పంచాయితీలు తెంపే పెద్దమనిషి. తొండూరు నుంచి అన్నదమ్ములిద్దరు బోరు తగువుతో ఆదివారం వస్తున్నారని హాల్లో ఏసీ బిగించాడు. తీర్పు చెప్పే మనిషికి చెమట పట్టకూడదట. ఏసీ కొత్తదేగానీ ఇంటి వైరింగు ఆయన నాయన కాలంది. మొదటి రోజే ఫ్యూజు మూడుసార్లు పోయింది. నాలుగోసారి ఆయన రాగితీగ నాలుగు పోగులు పురిపెట్టి ఫ్యూజులో చుట్టి, మీసం దువ్వుకున్నాడు.

"ఇంగ పోదు. కట్టింది నేను."

ఆయన కట్టాడనే సుబ్బరత్నమ్మ దిగులు. మర్నాడు వరండాలోని ఫ్యూజు పెట్టె మీద చెయ్యి పెట్టి గబుక్కున తీసేసింది.

"ఏమప్పా, పెట్టె కాల్తాంది."

"ఎండకాలం మే. నీ నెత్తి గూడా కాల్తాంటాది. దాన్నీ పీకి చూడల్నా?"

ఆ పెట్టె ఉన్నది చెక్క పలక మీద. ఆ గోడకు అవతలి పక్కే కూతురు నందిని మంచం. సుబ్బరత్నమ్మకు ఆ రాత్రి నుంచి నిద్ర పట్టలేదు.

శనివారం నందిని ప్రొద్దుటూరు పాలిటెక్నిక్ నుంచి వస్తూ సంచిలో మీటర్లు తెచ్చింది. అమ్మ పోరు పడలేక ఇంట్లో ఉన్నవన్నీ ఆన్ చేసింది. ఏసీ, ఇండక్షన్ పొయ్యి, నీళ్ల మోటారు, ఇస్త్రీ పెట్టె, రైస్ కుక్కరు, ఫ్రిజ్జు. ఇంక ఫ్యూజు దగ్గర నిలబడితే, వెనకే చపాతీ కర్ర ఎత్తి పట్టుకుని అమ్మ.

"అదెందుకు మా?"

"నువ్వు కరెంటుకు కరుచుకుంటే కొట్టి ఇడిపిస్తా."

"కరెంటు కంటే ముందర నువ్వే చంపేట్టుండావు. దించు."

కర్ర దిగలేదు. నందిని తీగ చుట్టూ మీటరు తగిలించింది. ముప్పై ఆంపులు. ఫ్యూజుకు అటూ ఇటూ రెండు మొనలు ఆనించింది. మూడు వోల్టులు. ముఖం చిట్లించి, సుద్దముక్కతో గోడ మీద రాసింది.

"ఫ్యూజు బాగుంటే ఈడ దాదాపు ఏమీ చూపించకూడదు మా. మూడును ముప్పైతో భాగించు, కరెంటుకు ఎంత అడ్డం పడతాందో తెలుస్తాది. దాన్నే రెసిస్టెన్స్ అంటారు."

"మూడులో ముప్పై యాడ పోతాది? నేను తొమ్మిది చదివినా. ఆ తొమ్మిదేండ్లలో ఎప్పుడూ పోలేదు."

"సున్నా పాయింటు ఒకటి. ఒక ఓములో పదో వంతు."

"ఇంతేనా!" సుబ్బరత్నమ్మ కర్ర దించింది. పెళ్లయ్యాక ఆమె అంత తేలిగ్గా ఊపిరి తీసుకోవడం అదే మొదలు.

"ఇప్పుడు మూడును ముప్పైతో గుణించు."

ఇది నోటితోనే వచ్చింది. "తొంభై. తొంభై ఏంది?"

"వాట్లు. ఫ్యూజులో ఊరికే వేడైపోతాండే కరెంటు. నాయన తీగ చుట్టినాడేగానీ మర బిగీలా. పట్టు వదులైన కాడ కాల్తాంది. అంత లావు తీగ తెగను గూడా తెగదు. ఈ ఇంటి వైర్లకు పదిహేను ఆంపులకు మించి ఓపిక లేదు. ముందర అవే కాల్తాయి."

కోడిపిల్లల గంపలో వెచ్చదనానికి పెట్టే బల్బు అరవై వాట్లది. పోయినేడు దానికి తగిలి సుబ్బరత్నమ్మ బొటనవేలు బొబ్బలెక్కింది. అలాంటిది ఒకటిన్నర బల్బు, మూసిన పెట్టెలో, కూతురి తలాపున! ఇన్నేళ్లుగా ఆమె పడ్డ భయాల్లో అంకె ఉన్నది ఇదొక్కటే. ఆ అంకె పట్టుకుని మొగుడి దగ్గరికి పోయింది.

"రేపు పదిమంది ముందర ఏసీ ఆగితే నా ముఖం యాడ పెట్టుకోవల్ల? ఫ్యూజు ముట్టుకున్నారో, చూడండి!" అన్నాడాయన.

ఆయన బజారుకు పోగానే ముట్టుకున్నారు. సుబ్బరత్నమ్మ మెయిన్ ఆపి, ఆగిందో లేదోనని మూడుసార్లు చూసింది. నందిని రాగి పురి పీకి, నల్లబడ్డ చోటు గీకి, పదిహేను ఆంపుల సన్నతీగ ఒక్క పోగు వేసి మరలు గట్టిగా బిగించింది.

ఆదివారం పన్నెండు గంటలకు హాలు నిండింది. ఏసీ హోరుమంటోంది. వంటింట్లో కోడికూర ఇండక్షన్ మీద, అన్నం కుక్కరులో. ట్యాంకు ఖాళీ అయిందని ఎవరో మోటారు వేశారు. తీర్పు చెప్పే ముందు ఆదినారాయణ కండువాకు మడతలు పడ్డాయని ఇస్త్రీకి పంపాడు. అప్పటికే ఓపిక మించి మోస్తున్న సన్నతీగ, ఇస్త్రీ పెట్టె ఆన్ చేసిన కాసేపటికి ఫ్యూజు పెట్టెలో టప్‌మంది. ఇల్లంతా నిశ్శబ్దం.

"ముద్దనూరు దగ్గర అంత కరెంటు తయారైతాంటే, నీ ఇంటికి మాత్రం దావ దొరకలేదా మామా?" అన్నాడు తొండూరు తమ్ముడు. అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. నెలరోజుల తగువులో ఆ అన్నదమ్ములు కలిసి చేసిన మొదటి పని అదే.

ఆదినారాయణ చెమటలు కక్కుతూ వరండాలోకి వచ్చాడు. సుబ్బరత్నమ్మ పెట్టె తెరిచి తెగిన సన్నతీగ చూపించింది. కొంగుముడి విప్పి, నల్లగా మాడిన ఆయన రాగి పురి ఆయన చేతిలో పెట్టింది.

"ఈ సన్నతీగ తెగకుండా ఉంటే, ఇల్లు కాలిండేది. అన్నీ కలిపి ఆరువేల తొమ్మిదొందల వాట్లు. రెండొందల ముప్పై వోల్టులతో భాగించు. ముప్పై ఆంపులు. నేనే చేసినా లెక్క."

ఆయన పురిని అటూ ఇటూ తిప్పి చూశాడు. హాల్లో నవ్వులు ఆగలేదు.

"ఇప్పుడేం చేయల్ల మే?" అన్నాడు మెల్లగా.

మొగుడు ఆమెను ఆ మాట అడగడం ఇదే మొదలు.

"మోటారు, ఇస్త్రీ ఆపెయ్. అప్పుడు గూడా ఏసీ, పొయ్యి కలిసి నడవవు. చల్లగాలి కావల్నా, కోడికూర కావల్నా?"

"రెండూ కావల్ల."

నందిని సుద్దముక్క తీసింది. "వాటితో పాటు ఇండక్షన్ గూడా తీసేస్తే రెండువేల ఎనిమిదొందల వాట్లు. పన్నెండు ఆంపులు. ఫ్యూజు నిలబడతాది. కూర గ్యాసు మీద చేస్తే సరి."

కొత్త తీగ వేశారు, ఏసీ హోరందుకుంది, హాల్లో తీర్పు మొదలైంది. సుబ్బరత్నమ్మ వంటింట్లోకి పోయి గోనెపట్టా ఎత్తి, సిలిండరును తేలుని చూసినట్టు చూసింది. ఎందుకైనా మంచిదని చపాతీ కర్ర తెచ్చుకుంది.

"నందినీ," అంది, "గ్యాసుకు గూడా ఏదన్నా లెక్క ఉందా మే?"