పొద్దుటి ముక్కలు, మధ్యాహ్నపు ముక్కలు

మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందని డాక్టర్లు చెప్పేసరికి చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు. అంతకంటే ముందే, గుజ్జు మెత్తబడుతుండగానే జబ్బును పట్టుకోవాలని, పీహెచ్‌డీ చేస్తున్న పోపీ తాపత్రయం. అడిలైడ్‌లోని మా ప్రయోగశాలకు వచ్చి మూడేళ్లయింది. కంటికి ఆనని సన్నటి సూదితో గుజ్జు ముక్కను నొక్కి, ఎంత గట్టిగా ఉందో కొలుస్తుంది. ముక్కలు కోసి, ఉప్పునీళ్లలో వేసి అందించేది నేను. పేరు నోరీన్. ముప్పై ఏళ్లుగా ఇదే పని, నాకు విసుగు కూడా పాతబడిపోయింది.

పొద్దున ఆరోగ్యమైన ముక్కలు, భోజనాలయ్యాక జబ్బు ముక్కలు. గడియారం నన్ను చూసి టైము సరిచేసుకుంటుందని పోపీ ఆటపట్టించేది. జబ్బు ముక్కలే మెత్తగా ఉన్నాయని ఆమె లెక్కల్లో తేలింది. సోమవారం థీసిస్ ఇచ్చేయాలి.

గురువారం సాయంత్రం, పారేయబోయే సూదిని ఊరికే మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. మొనకు ముక్కల జిగురు పట్టి ఉంది. జిగురు పట్టిన సూది దేన్ని నొక్కినా మెత్తగానే చూపిస్తుంది. పొద్దున కొత్త సూది, మధ్యాహ్నానికి అదే జిగురు సూది. మూడేళ్లలో ఆ వరస ఒక్కరోజూ మారలేదు.

ఆ వరస పెట్టింది నేనే. జబ్బు ముక్కల ఫ్రీజరు రెండంతస్తుల కింద ఉంది, లిఫ్టు అక్కడిదాకా పోదు. పొద్దుటిపూట నా మోకాళ్లు మెట్లు దిగనివ్వవు. మాత్ర పనిచేసేసరికి మధ్యాహ్నమవుతుంది. ఈ సంగతి తెలిస్తే ఇంటికి పంపేస్తారని ఎవరికీ చెప్పలేదు.

నోరు మూసుకుంటే గడిచిపోయేది. శుక్రవారం మధ్యాహ్నం దాకా మూసుకున్నాను కూడా. ఇక నావల్ల కాక సూది సంగతి చెప్పేశాను.

పోపీ ఆరోగ్యమైన ముక్క ఒకటి తెమ్మని, పొద్దుటి నుంచి వాడిన సూదితోనే కొలిచింది. మెత్తగా వచ్చింది. ఇంకో మూడు కొలిచింది, అవీ అంతే. ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి సోమవారం ఇవ్వలేనని చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఈ వరస ఎందుకు పెట్టావు, నోరీన్?"

మెట్లు, మాత్ర, భయం అన్నీ చెప్పాను. ఆమె నా కాళ్ల వైపు చాలాసేపు చూసింది.

"ఒక్క మాట చెప్తే నేనే దిగి తెచ్చుకునేదాన్ని కదా," అంది. "ఇరవై ఆరేళ్లు నాకు. రెండంతస్తులు నాకో లెక్కా?"

తిట్టినా బాగుండేది.