మాట తీసుకునే మీటరు

సాయంత్రం ఆరు దాటితే ఆ కాలనీలోని ఇరవై రెండు వంటిళ్ళలోనూ ఒకే పని. అంట్లు తోమి బోర్లించాక, తడి చేతులు తుడుచుకుని ఇంట్లో ఎవరో ఒకరు గోడకున్న మీటరు ముందు నిలబడేవారు. మర్నాటి గ్యాస్‌కి ముందుగానే కట్టాలి. అయితే ఆ మీటరు డబ్బు తీసుకోదు, మాట తీసుకుంటుంది. చిల్లుల రేకు దగ్గర నోరు పెట్టి, ఫలానా వాళ్ళకి ఫలానాది చేస్తానని చెప్పాలి. మాట బరువును బట్టి ముల్లు లేస్తుంది. చెప్పింది చేస్తే మంట నిలుస్తుంది. చెయ్యకపోతే, గడువు దగ్గరపడేకొద్దీ రోజురోజుకీ కుంగి ఆరిపోతుంది.

"రేపు మా అత్తగారి మోకాళ్ళకి నూనె రాస్తాను" అంటే పద్మావతమ్మకి అన్నం, కూర, చారుకి సరిపడా వచ్చేది. శౌరమ్మ ఒకసారి "ఆదివారం మా చెల్లెలి ఇంటికెళ్ళి మాట్లాడతాను" అంది. దానికి పదకొండు రోజుల గ్యాస్ వచ్చింది. ఆ అక్కచెల్లెళ్ళ సంగతి తెలిసినవాళ్ళు పదకొండు తక్కువే అన్నారు.

విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం శివార్లలో, పాలకేంద్రం వెనకాల ఉంది ఆ కాలనీ. వంటిళ్ళకి గొట్టాలు వేసిన పేడ గ్యాస్ ప్లాంటు పాలకేంద్రానిదే. గొట్టాలు శుభ్రం చేసే జక్కయ్య నెలకోసారి సైకిలు మీద వచ్చేవాడు.

1997 శ్రావణంలో జ్ఞానేశ్వర్, సత్యశ్రీ అక్కడ ఇల్లు కొన్నారు. జ్ఞానేశ్వర్ పెడన నేతగాళ్ళ దగ్గర చీరలు తీసుకుని విజయవాడ వన్ టౌన్ కొట్లకి వేసేవాడు. సత్యశ్రీ పెడన పిల్లే. పెళ్ళికి ముందు రోజంతా మగ్గం మీదే ఉండేది. పెళ్ళయ్యాక విజయవాడ చిట్టినగర్‌లో పదకొండేళ్ళు, మూడు అద్దె ఇళ్ళు. గుంట మగ్గానికి నేలలో తొడల లోతు గొయ్యి కావాలి. ఏ ఇంటివాళ్ళూ నేల తవ్వనివ్వలేదు. "సొంతిల్లు కొన్నాక మొదట నీ మగ్గం గుంటే" అని జ్ఞానేశ్వర్ ప్రతి ఇల్లు మారినప్పుడూ అనేవాడు. విప్పదీసిన మగ్గం కర్రలు గోనెపట్టాల్లో చుట్టి ఉండి, వాళ్ళతోపాటే ఇళ్ళు మారేవి.

ఇల్లమ్మిన ఆదిశేషయ్య మైలవరం వెళ్ళిపోతూ తాళంచెవులు ఇచ్చి, మీటరు చూపించాడు.

"నా మాటలన్నీ నేను చెల్లించేశానండీ. అందులో ఏమీ మిగల్చలేదు. మీవి మీరే వేసుకోవాలి."

గృహప్రవేశం రోజు తెల్లవారుజామున పొయ్యి మీద పాలగిన్నె పెట్టారు. ముహూర్తానికి ఇంకా పన్నెండు నిమిషాలుంది. జ్ఞానేశ్వర్ మీటరు ముందుకెళ్ళి, "రేపు పెడన వెళ్ళి సుబ్బరత్నంగారికి చీరలు తెస్తాను" అన్నాడు.

ముల్లు కదల్లేదు.

"ఎల్లుండి అయినా సరే, ఖాయంగా తెస్తాను."

కదల్లేదు.

"ఈ మాట చాలాసార్లు వాడేసినట్టున్నారు నాయనా. అరిగిపోయింది. కొత్తదేదైనా ఉంటే చూడండి" అంది పక్కింటి పద్మావతమ్మ.

చుట్టాలు నవ్వారు. పురోహితుడు గడియారం చూసుకున్నాడు. జ్ఞానేశ్వర్ చెమట తుడుచుకుని, రేకుకి నోరానించి అన్నాడు.

"భాద్రపద పౌర్ణమిలోపు ఈ ఇంటి ముందుగదిలో సత్యకి మగ్గం గుంట తవ్విస్తాను."

ముల్లు ఆ చివరికి కొట్టుకుని నిలబడింది. నీలం మంట జానెడెత్తు లేచింది. పాలు నాలుగు వైపులా ఒక్కసారే పొంగి, గట్టు మీదనుంచి కారి, వాకిట్లో ముగ్గు దాకా వెళ్ళాయి. అందరూ పాలనే చూస్తున్నారు. సత్యశ్రీ మాత్రం భర్త ముఖం చూసింది.

తర్వాతి రెండు వారాలూ ఆ ఇంట్లో వంట తనంతట తానే అయినట్టుండేది. మంట చప్పుడు చేసేది కాదు. మధ్యాహ్నాలు దూరంగా థర్మల్ కరెంటు స్టేషన్ పొగగొట్టాలు కొండలకి ఆనుకుని కునుకు తీస్తున్నట్టుండేవి. కిటికీ చువ్వల మీద సన్నటి బూడిద వాలేది. సత్యశ్రీ గోనెపట్టాలు విప్పి కర్రలకి నూనె రాసింది. పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె చేతిలోకి తీసుకుంటే, పదకొండేళ్ళుగా ఆమె కోసమే కాచుకుని ఉన్నట్టు వెచ్చగా తగిలింది.

మూడో వారంలో జ్ఞానేశ్వర్ చీరల మూటలు తెచ్చి ముందుగదిలో దించాడు.

"దసరా సరుకు. నాలుగు రోజులు ఉంటుందిలే" అన్నాడు.

ఆ పూట అన్నం ఉడకడానికి గంట పట్టింది. తర్వాత ముందుగది గోడ కొలతలు తీసుకుని వడ్రంగికి బీరువాలు చెప్పొచ్చాడు. మర్నాడు మంట మల్లెమొగ్గంతే ఉంది. పాలు గోరువెచ్చనై ఆగిపోయాయి. సత్యశ్రీ చెంబు పట్టుకుని పద్మావతమ్మ ఇంటికెళ్ళి కాఫీ తెచ్చేది.

"అడగవేమే అమ్మాయ్?" అంది పద్మావతమ్మ ఒకరోజు.

"అడిగితే మళ్ళీ ఇంకో మాట ఇస్తారు పిన్నిగారూ. అవి పెట్టుకోవడానికి ఇంట్లో చోటు లేదు."

పౌర్ణమి నాడు జక్కయ్య వచ్చాడు. జ్ఞానేశ్వర్ వీధిలోకి ఎదురెళ్ళాడు.

"జక్కయ్యగారూ, ఒకసారి వేసిన మాట వెనక్కి తీసుకోవచ్చాండీ?"

"మీరు తీసుకోలేరు. ఎవరికిచ్చారో వాళ్ళు వదిలేస్తే పోతుంది. మీటరుకి పట్టింపేం లేదు."

జ్ఞానేశ్వర్ లోపలికొచ్చాడు. సత్యశ్రీ ఎసరు పెట్టిన గిన్నె ముందు కూర్చుని ఉంది. గిన్నె కింద మంట ఉందో లేదో వంగి చూస్తేగానీ తెలియడం లేదు.

"సత్యా, ఒక్క ముక్క చెప్పు చాలు. వదిలేశానని అను. రేపు బీరువాలొస్తున్నాయి. నాపరాళ్ళు చూడు, అద్దాల్లా ఉన్నాయి, పగలగొట్టుకుంటామా? దసరా వెళ్ళాక పెరట్లో నీకు పాకే వేయిస్తా."

"ఏ సంవత్సరం దసరా అండీ?"

"అదిగో, నీకన్నీ వెటకారాలే."

బీరువాలు వచ్చి గోడకి దిగితే ఇక ఈ ఇంట్లోనూ మగ్గం నిలబడదని ఆమెకి తెలుసు. వదలనంటే పొయ్యి ఆరిపోతుంది, ఆయన ఊళ్ళోంచి సిలిండరు తెస్తాడు, బీరువాలు ఎలాగూ వస్తాయి. ఆమె లేచి మీటరు దగ్గరికెళ్ళింది. గుమ్మంలో పద్మావతమ్మ, వెనక జక్కయ్య నిలబడ్డారు.

"ఆయన నాకిచ్చిన మాట వదిలేస్తున్నాను" అంది సత్యశ్రీ.

ముల్లు సున్నా మీద పడింది. మంట ఆరింది. జ్ఞానేశ్వర్ బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు.

ఆమె రేకు ముందునుంచి కదల్లేదు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆమె ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. ఇచ్చే అవసరం ఎవరూ కల్పించలేదు.

"రేపు పొద్దెక్కేలోపు ముందుగదిలో నా మగ్గం గుంట నేనే తవ్వుకుంటాను."

ముల్లు చివరంటా వెళ్ళి, గాజు పలకని మెల్లగా బయటికి తోసి, గోడ మీద ఇంకో రెండంగుళాలు పాకింది. అగ్గిపుల్ల లేకుండానే పొయ్యి అంటుకుంది. పద్మావతమ్మ ఇంట్లో పప్పు పొంగిన చప్పుడు వినిపించింది. వీధి చివర ఎవరో "స్టవ్ తగ్గించు, స్టవ్ తగ్గించు" అని కేకేశారు.

"సైకిలుకి గునపం కట్టి ఉందమ్మా, తీసుకో" అన్నాడు జక్కయ్య.

సత్యశ్రీ కొంగు నడుముకి దోపుకుంది. చీరల మూటలు ఒక్కొక్కటే గోడవారకి జరిపింది. నాపరాళ్ళ సందులో గునపం మొన దిగింది.

"సత్యా, రాయి పగులుతుంది!"

"రెండో అంచు ఎవరైనా పట్టుకుంటే పగలదు."

జ్ఞానేశ్వర్ నోరు తెరిచాడు. రేపు కూలీల్ని పిలిపిస్తానని చెప్పబోయాడు. గునపం మీద వాలిన ఆమె చేతుల్ని చూశాడు. ఏమీ చెప్పకుండా చొక్కా చేతులు మడిచి, వంగి, రాయి రెండో అంచు కింద వేళ్ళు దూర్చాడు.

రాయి లేచింది. దాని కింద నేల చల్లగా, మెత్తగా ఉంది.