నిండుకున్న గిన్నె

నేను ఒక అన్నం గిన్నెను. ఇత్తడి ఒళ్ళు, లోపల కళాయి పూత, మూతి దగ్గర చిన్న సొట్ట. అది పుట్టుమచ్చని చాలాకాలం గొప్పలు పోయాను కానీ, నిజానికి సారె సామాను దింపేటప్పుడు పడింది. సుభాషిణమ్మకు పెళ్ళిలో వాళ్ళమ్మ నన్నిచ్చింది. అప్పటినుంచీ తెనాలిలో ఆవిడ వంటింట్లోనే నా కాపురం.

నా తెలివి గురించి ఒక మాట చెప్పాలి. భర్త ధర్మారావు గారికి వడ్డించాక ఆవిడ నాలోకి తొంగి చూసి, "నిండుకుంది" అనేది. నేను ఉబ్బిపోయేదాన్ని. ఎంత వడ్డించినా నిండుగానే ఉంటున్నానంటే అక్షయపాత్రకు చెల్లెలినై ఉంటాననుకున్నాను. అన్నం 'అయిపోయింది' అనకూడదని ఆ మాట వాడతారని నాకెవరు చెప్పారు? అడుగున వడ్డించే హస్తం గీరుకుంటున్నా అనుమానం రాలేదు.

రిటైరయ్యాక ధర్మారావు గారు ధ్యానం క్లాసులో భోజనం చేసే పద్ధతి నేర్చుకొచ్చారు. కళ్ళు మూసుకుని, ముద్ద ముద్దకీ పండించిన రైతును, కురిసిన వానను తలచుకునేవారు. వండిన మనిషి ఆ వరుసలోకి రాలేదు. తలచుకునేకొద్దీ ఆకలీ పెరిగింది. మారు, మళ్ళీ మారు. అన్నం మిగిలితే పాపం, కొలిచి వండమన్నదీ ఆయనే. ఆ భక్తిలో సగం నా మహిమేనని నేను మెరిసిపోయేదాన్ని.

ఒకరోజు క్లాసులో కొత్త పాఠం చెప్పారు. భోజనంలో చప్పుళ్ళు కూడా వినాలట. మారు వడ్డిస్తుంటే నా అడుగున హస్తం గీరుకున్న చప్పుడుకు ఆయన చెవులు రిక్కించారు.

"సుభా, ఆ నాదం ఏమిటి?"

"నాదమా నా తలకాయా! నిండుకుందండీ."

"ఆహా! నిండుకోవడమే కదా మన సాధన!"

నాలాంటివారు ఇంకొకరు దొరికారని మురిసిపోయాను.

"మీ సాధనా నిండింది, మీ పొట్టా నిండింది. నాకు మళ్ళీ అటుకులే," అంటూ ఆవిడ నన్ను తెచ్చి ఆయన ముందు ఠంగుమని పెట్టింది. "ఓసారి కళ్ళు తెరిచి చూడండి."

"మళ్ళీనా? ఎప్పట్నించి?"

"మీరు కళ్ళు మూసుకున్న దగ్గర్నించీ."

ఆయన నాలోకి చూశారు. మెతుకు లేని అడుగులో ఆయన మొహమే కనిపించింది. నాకూ అప్పుడే తెలిసింది, నేను ఖాళీ అని.

ఆయన చెయ్యి కడుక్కుని, బియ్యం కడిగి, నన్ను పొయ్యి మీదికెక్కించారు. ఎసరు ఎక్కువైంది, ఆ కంగారులో మంటా ఎక్కువైంది. పైన జావ, అడుగున మాడు. అదే ఆవిడకు వడ్డించి, ఎదురుగా కూర్చుని రెప్ప వేయకుండా చూశారు.

"ఎలా ఉంది?"

ఆవిడ ముద్ద మింగి, "కళ్ళు మూసుకుంటే బాగానే ఉంది," అంది.

ఇద్దరూ పకపకా నవ్వారు. ఆ మాడు మచ్చ చింతపండు పెట్టి తోమినా పోలేదు. ఇప్పుడు ఎసరులోకి ఇంకో గుప్పెడు బియ్యం పడుతున్నాయి. ఇద్దరూ ఒకేసారి భోజనానికి కూర్చుంటున్నారు. చివర్లో ఆయనే నన్ను వంచి చూసి, "నిండుకుంది, సుభా" అంటారు.

నేను మళ్ళీ ఉబ్బిపోతాను. ఈసారి అర్థం తెలిసే.