జేమ్స్ గారి నులక మంచం

గిలకలదిండిలో బోటు కదలాలంటే డీజిలొక్కటే ఉంటే సరిపోదు, సౌభాగ్యమ్మగారి మంచాన్ని కూడా అడగాలి. తెల్లారేసరికి ఎవరో ఒకరు ఆవిడ గుమ్మంలోకి తొంగిచూసి, "మంచం ఎలా ఉందండీ?" అంటారు. హాలు మధ్యలో ఖాళీ నులక మంచం మెల్లగా ఊగుతుంటే, ఆవిడ పళ్ళు తోముకుంటూనే వెళ్ళమని చెయ్యూపుతుంది. మంచం కోళ్ళు టకటకలాడుతుంటే మాత్రం, "ఇవాళ్టికి ఇళ్ళల్లో పడుండండి" అని కసురుతుంది. ఫోన్లో వాతావరణం చూసుకునే కుర్రాళ్ళు కూడా ఇక్కడికొచ్చి ఖాయం చేసుకున్నాకే చేపల వేటకి వెళ్తారు.

మంచం ఆవిడ భర్త జేమ్స్ గారిది. నేవీలో సెయిలరు. డెబ్భై ఒకటి యుద్ధంలో ఆయన పనిచేసే ఓడ అరేబియా సముద్రంలో మునిగిపోయింది. మనిషి దొరకలేదు. ఇక్కడ టెలిగ్రాం రాకముందే మంచం ఊగడం మొదలుపెట్టింది. ఆ సముద్రంలో పోయిన మనిషి ఈ సముద్రానికెలా వచ్చాడని ఊళ్ళో ఎవరూ అడగలేదు. ఇంటికి రాడా మరి!

ఆ మంచం మీద ఎవరూ కూర్చోకూడదు. అది సౌభాగ్యమ్మ పెట్టిన చట్టం. ఏటా డిసెంబరులో జరిగే జ్ఞాపకార్థ ప్రార్థనకి కుర్చీలు చాలక పాస్టరుగారు నిలబడే వాక్యం చెప్పినా సరే, మంచం ఖాళీగా ఉండాల్సిందే. "ఆయనకి సమాధి లేదు. నా చేత్తో పిడికెడు మట్టయినా వెయ్యలేకపోయాను. ఈ మాత్రం మర్యాదైనా దక్కనివ్వండి" అనేది. తను మాత్రం పక్కన చాప మీద పడుకునేది. పడుకోవడమే గానీ నిద్రెక్కడిది? మంచం ఊగినంతసేపూ కళ్ళు తెరుచుకునే ఉండేది. "మీ నాన్న ఇంకా నీళ్ళలోనే ఉన్నాడే" అనేది కూతురితో.

కూతురు హేమ, తండ్రి పోయాక పుట్టింది. గుడివాడలో టీచరు. చూడని తండ్రి మీద కన్నా, ఇన్నేళ్ళుగా కంటినిండా నిద్రపోని తల్లి మీదే ఆవిడకి బెంగెక్కువ.

ఈ ఏడు ప్రార్థన రోజు మధ్యాహ్నం హేమ బస్సు దిగి వచ్చేసరికి, బయట వాయుగుండం, లోపల మంచం జరిగి జరిగి గోడకేసి కొట్టుకోవడం. ప్రార్థనకొచ్చిన ఇరుగుపొరుగూ, పాస్టరుగారూ గోడవార నిలబడి చూస్తున్నారు. పక్కింటి సత్యవతమ్మ దాని ముందు కూలబడి ఉంది. కొడుకు గోపి మూడ్రోజుల కిందట, మంచం మెల్లగా ఊగినప్పుడే వేటకెళ్ళాడు, ఇంకా రాలేదు. మిగతా బోట్లన్నీ వచ్చేశాయి. ఫోను కలవడం లేదు.

"వదినా, ఆపమని అన్నయ్యగారికి చెప్పవా!" అంది సత్యవతమ్మ.

"నా మాట వింటే ఇన్నేళ్ళెందుకు ఊగుతాడు వదినా?" అంది సౌభాగ్యమ్మ.

అంతలో మంచం ఎగిరి పడింది. సత్యవతమ్మ "నా తండ్రే!" అంటూ మంచం పట్టెని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఆ పక్క ఊపు తగ్గింది. హేమ చూసింది. సౌభాగ్యమ్మా చూసింది.

"అమ్మా, ఆవిణ్ణి కూర్చోనియ్యి."

"అది మీ నాన్నది..."

"పక్కింటి పిల్లాడు నీళ్ళలో ఉంటే, నాన్న మంచం దాచుకునే మనిషా?"

సౌభాగ్యమ్మ మొగుడి ఫొటో వంక చూసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. "కూర్చో వదినా. హేమా, నువ్వూ కూర్చో. ప్రార్థనకొచ్చి అలా గుడ్లప్పగించి చూస్తారేంటమ్మా, మీరూ ఎక్కండి! పాస్టరుగారూ, మీరు కాస్త ఒళ్ళున్నవారు, ఆ మూల మీది!"

విల్సన్ పాస్టరుగారు బైబిలు చంకలో పెట్టుకుని మూలకి సర్దుకున్నారు. చివరికి సౌభాగ్యమ్మ కూడా అంచు మీద కూర్చుంది. ఆ వయసులో కొత్తపెళ్ళికూతురిలా సిగ్గుపడింది పాపం! మంచం మూలిగింది, పెనుగులాడింది, కాసేపటికి ఊపు తగ్గించింది. ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకుంటూ, సాయంత్రందాకా ఒక్కరూ దిగలేదు. దీపాలవేళకి మంచం పూర్తిగా ఆగిపోయింది. అది కదలకుండా ఉండడం హేమ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

తడిసి ముద్దయి గోపి వచ్చాడు. సత్యవతమ్మ మొదట రెండు తగిలించి, తర్వాత వాటేసుకుని ఏడ్చింది.

"చుట్టూ తాడిచెట్టంత కెరటాలు అత్తా" అన్నాడు గోపి సౌభాగ్యమ్మతో. "మా బోటు కింద మాత్రం మంచమంత మేర నీళ్ళు కదల్లేదు. ఒడ్డు తగిలేదాకా మాతోనే వచ్చాయి."

అన్నాలు తిని అందరూ వెళ్ళాక సౌభాగ్యమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మర్యాద అనుకుని ఆయన్ని ఇన్నాళ్ళూ ఒంటరిగా వదిలేశానే. ఒక్కసారి పక్కన కూర్చోవాలని తోచలేదే నాకు."

"ఇప్పుడు తోచిందిగా. పడుకోమ్మా."

"చాప వెయ్యి."

"చాప లేదు, ఏమీ లేదు. అక్కడే పడుకో."

ఇంకా ఎనిమిదన్నా కాలేదు. సౌభాగ్యమ్మ మంచం మీద ఓ పక్కకి ఒదిగి పడుకుంది. రెండో పక్క, ఎవరో వాలినట్టు నులక కిందికి దిగింది.

"కాస్త అటు జరగండి, పట్టె గుచ్చుకుంటోంది" అంది ఆవిడ కళ్ళు మూసుకునే.

నులక కిర్రుమంది. హేమ దుప్పటి కప్పి లైటు తీసేసింది. గుమ్మం దాటకముందే వెనకనుంచి చప్పుడు వినిపించి ఆగింది. తల్లి గురక పెడుతోంది.